అయ్య కోసం ఆగిన బస్సు

దెయ్యాల కథలు వింటే నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది. ఉద్యోగమంతా స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి. మోటారు ఆగిపోతే ఎందుకు ఆగిందో కనిపెట్టడమే నా పని. "ఏదో గాలి సోకినట్టుంది సార్" అని ఎవడైనా అంటే, వాడి చేతిలో టెస్టర్ పెట్టి, ముందు ఫ్యూజు చూడరా బాబూ అనేవాణ్ణి. గుడికి వెళ్తాను, దండం పెడతాను. నా భక్తి అంతవరకే.

అలాంటి నేను ఇది రాయడానికి కూర్చోవడం నాకే నచ్చడం లేదు. కానీ ఇన్నేళ్ళూ తెలిసినవాళ్ళకు నోటితో చెప్పీ చెప్పీ, వాళ్ళు చెప్పే కారణాలు వినీ వినీ విసిగిపోయాను. ఒక్కటీ అతకలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలడం లేదు.

మాది విశాఖపట్నంలో జాలరిపేట. మా అయ్య తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. నేను ప్లాంటులో చేరిన కొత్తలో, ఒక వాయుగుండం రోజున వెళ్ళి తిరిగి రాలేదు. తోడు వెళ్ళిన మా చిన్నాన్న శవం భీమిలి వైపు కొట్టుకొచ్చింది. తెప్ప దుంగ ఒకటి దొరికింది. అయ్య దొరకలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగాడు వేటలో ఉండగా ఆడది అన్నం కుండ ఊడ్చి కడగదు. వాడు ఏ వేళకు వస్తాడో తెలియదు కాబట్టి, వాడి వంతు అన్నం గిన్నెలో పెట్టి మూత వేసి ఉంచుతుంది. మా అమ్మ ఆ గిన్నె పెట్టడం మానలేదు. నేను గోపాలపట్నంలో ఇల్లు అద్దెకు తీసుకుని తనను తెచ్చుకున్నాక కూడా మానలేదు. సముద్రం కనిపించని, వినిపించని ఆ ఇంట్లో రోజూ ఒక గిన్నె, దాని మీద మూత. తెల్లారాక ఆ చద్దన్నం తనే తినేది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఎవరైనా మెల్లగా మాట కదిపితే, "శవాన్ని సూపించండి, తీసీత్తాను" అనేది.

శవం ఎక్కణ్ణుంచి తెస్తాం?

మిగతావాళ్ళకు ఇదంతా జాలిగా ఉండేదేమో గానీ నాకు ప్రాణం విసిగిపోయింది. పేరంటానికి ఆమెను పిలవాలో వద్దో తెలియక చుట్టాలు తలలు పట్టుకునేవారు. నా పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు, "పెళ్ళికొడుకు తండ్రి ఉన్నట్టా, లేనట్టా?" అని అవతలివాళ్ళు అడిగితే మా మేనమామ నా మొహం చూశాడు. తండ్రికి పిండం పెట్టని కొడుకని పేటలో నా వెనకాల అనేవారు. నాకూ ఒక్కసారి ఏడ్చి, స్నానం చేసి, ఇక లేడు అనుకోవాలని ఉండేది. అమ్మ ఏడవనిచ్చేది కాదు.

తొంభైల చివర్లో నాకు ఎల్‌టీసీ వచ్చింది. సెలవు పెట్టి ఊళ్ళు తిరిగొస్తే కంపెనీవాళ్ళే చార్జీలు ఇస్తారు. మా ప్లాంటువాళ్ళు, పోర్టువాళ్ళు చాలామంది ఊళ్ళోని ఒక ట్రావెల్స్‌వాడితో ఉత్తరాది యాత్ర వెళ్ళేవారు. ఢిల్లీ, జైపూర్, ఆగ్రా, ప్రయాగ, ఆఖర్న కాశీ. వంటవాళ్ళు, గ్యాసు పొయ్యిలు, ఆవకాయ జాడీలు వెంటే వస్తాయి. మా ఆవిడ పురిటికి కంచరపాలెంలో పుట్టింట్లో ఉంది. అమ్మను తీసుకెళ్ళి కాశీలో అయ్యకు పిండం పెట్టించి, ఈ గొడవ వదిలించుకుందామనుకున్నాను. దాచలేదు, ముందే చెప్పాను.

"ఊళ్ళు సూత్తాను. తాజిమాలు సూత్తాను. పిండం మాటెత్తేవంటే మాత్రం వొచ్చిన రైల్లోనే తిరిగెల్లిపోతాను," అంది.

కాశీ దాకా వస్తే ఆ గంగమ్మే చూసుకుంటుందిలే అనుకున్నాను.

రైల్లో మొదటి పూట భోజనం దగ్గరే మొదలైంది. మా వంటవాడు అప్పారావుది కంచరపాలెమే. అందరికీ విస్తరాకు ప్లేట్లు ఇచ్చుకుంటూ వచ్చి, నాకొకటి, అమ్మకు రెండు ఇచ్చాడు. ఎందుకయ్యా అంటే, "పెద్దాయన లేచినాక తింటాడు గదా బాబూ," అని ముందుకెళ్ళిపోయాడు. మా పై బెర్తు మీద మా సంచులు తప్ప ఏమీ లేవు. పొరపాటు పడ్డాడనుకున్నాను. అమ్మ ఆ రెండో ప్లేటు తీసుకుని, ఇంకో ప్లేటు బోర్లించి మూతపెట్టింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఢిల్లీలో ఎర్రకోట బయట టీ కొట్టువాడు అమ్మ ముందు రెండు గ్లాసులు పెట్టాడు. జైపూర్‌లో హోటలువాడు మా గదిలో మూడో పరుపు వేయించాడు. వద్దు, మేము ఇద్దరమే అని హిందీలో చెప్పాను. ప్లాంటులో బీహారువాళ్ళతో పనిచేసి హిందీ బాగానే వచ్చు నాకు. వాడు నన్ను ఎగాదిగా చూసి, ముసలాయన్ని కింద పడుకోబెడతావా అన్నాడు. 

అమ్మే సైగలు చేసి అడుగుతోందని నా అనుమానం. రెండు రోజులు ఆమెను డేగలా కనిపెట్టుకుని ఉన్నాను. ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. హిందీ ముక్క రాదు. చెయ్యి కూడా ఎత్తలేదు.

"ఏటమ్మా ఇది? నువ్వేమైనా అంటున్నావా వీళ్ళతో?" అని ఒకసారి గట్టిగానే అరిచాను.

"నానేటంటానురా? ఆలు పెడతన్నారు, నాను తీసుకుంతన్నాను," అంది.

ఆ యాత్రే ఒక తలనొప్పి. బస్సులో ఏసీ పనిచేయదు. చూడాల్సిన చోట "టైము లేదండి, ఎక్కేయండి ఎక్కేయండి" అని తరుముతారు. చూడక్కర్లేని చలవరాతి బొమ్మల షాపులో మాత్రం గంటలు గంటలు కూర్చోబెడతారు. మేనేజరు మూర్తి గారిది గోదావరి జిల్లా. ఏం అడిగినా "ఆయ్, చూద్దామండి" అనేవాడు, ఏదీ చూసేవాడు కాదు. మా వెనక సీట్లో పోర్టులో రిటైరైన సుబ్బరాజు గారు, ఆయన భార్య. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కడా బస్సు దిగేది కాదు. "మా ఆవిడ తాజ్‌మహల్ దగ్గర దిగుతుందండి, దానికోసమే దాచుకుంది," అని సుబ్బరాజు గారు అందరికీ చెప్పేవాడు.

ఆగ్రాలో మధ్యాహ్నం కోట, పొద్దు గుంకే లోపల తాజ్‌మహల్ అన్నారు. అక్కడి గైడు నడివయసు మనిషి, టోపీ పెట్టుకుని, చేతిలో మడిచిన గొడుగు పైకెత్తి నడిచేవాడు. చెప్పే కథలు బాగానే చెప్పాడు. కోట చూపించి, అందర్నీ గేటు బయటికి తెచ్చి బస్సెక్కించాడు. తను మాత్రం ఎక్కలేదు. గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

పావుగంట గడిచింది. బస్సులో గోల మొదలైంది. మూర్తి గారు దిగి, ఏదో మాట్లాడి, నన్ను పిలిచాడు.

"ఏవండీ, మీవాళ్ళెవరో లోపల ఉండిపోయారంటండి."

"మావాళ్ళెవరండీ? నేనూ మా అమ్మా. ఇద్దరం ఇక్కడే ఉన్నాం."

నేను వెళ్ళి గైడును హిందీలో అడిగాను. అతను ఓపిగ్గా చెప్పాడు. ఆ అమ్మతో ఉన్న పెద్దాయన ఇంకా రాలేదు, ఆయనకు భాష రాదు, వదిలేసి వెళ్తే నా లైసెన్సు పోతుంది అన్నాడు. అలాంటివాడు ఎవడూ లేడని చెప్పాను. అతను నవ్వాడు. లేకపోవడమేంటి, ఇందాక నేనే ఆయనతో మాట్లాడాను అన్నాడు. చెప్పుల్లేకుండా ఎండకు కాలిన రాళ్ళ మీద నడుస్తుంటే, కాళ్ళు బొబ్బలెక్కుతాయని చెప్పాడట. ఆయన చెయ్యి ఊపి ఊరుకున్నాడట. తర్వాత నీళ్ళు ఎక్కడున్నాయని సైగ చేసి అడిగితే, గోడ దగ్గరికి తీసుకెళ్ళి యమున చూపించాడట. ఆయన ఒక కన్ను మూసి, చాలాసేపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడట.

వేసవి ముందు రోజులు. యమునలో అప్పుడు నీళ్ళు పిల్లకాలవలా ఉన్నాయి.

మా అయ్య జన్మలో చెప్పులు తొడగలేదు. దూరం చూడాలంటే ఎడమ కన్ను మూసేవాడు. ఇంకొకటి. సముద్రం తప్ప మరే నీళ్ళు చూపించినా నవ్వేవాడు. నా చిన్నప్పుడు మేహాద్రిగెడ్డ రిజర్వాయరు చూపిస్తే, "దీన్నేటి, గేదెలు కడుక్కోడానికి కట్టేరేటి?" అని దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

ఇవి గైడుకు చెప్పినవాడెవడు? నేను చెప్పలేదు. ఆ బస్సులో అయ్యను ఎరిగినవాడే లేడు.

నాకు అప్పుడు భయం వేయలేదని నిజాయితీగా చెబుతున్నాను. కోపం వచ్చింది. ఎవరో నాతో ఆడుకుంటున్నారనిపించింది. గైడు మీద అరిచాను. అతనూ అరిచాడు. గొడుగు నా చేతిలో పెట్టి, నేనే వెతుక్కొస్తానని మళ్ళీ లోపలికి పోయాడు. బస్సులోంచి ఒకరి తర్వాత ఒకరు దిగి నన్ను తిట్టడం మొదలుపెట్టారు.

"మీ అమ్మగారితో ఇంకో మనిషి ఉంటే ముందే చెప్పాలి కదండీ! మా ఆవిడ ఇన్ని ఊళ్ళు బస్సులోనే కూర్చుంది ఈ ఒక్కదాని కోసం. పొద్దు పోతోందండీ!" అని సుబ్బరాజు గారు ఏడుపు గొంతుతో అరిచాడు.

ఏమని చెప్పను? అయ్య చచ్చిపోయాడని చెప్పనా? అది మా ఇంట్లో నేను ఎప్పుడూ అనలేని మాట. అక్కడ, ఆ ఎండలో, గొడుగు పట్టుకుని నిలబడి కూడా అనలేకపోయాను.

గైడు చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. బస్సు వైపు చూసి, అమ్మయ్య అన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అదిగో, ఎక్కేసి కూర్చున్నాడు కదా, ఏ వైపు నుంచి వచ్చాడో అని వేలు పెట్టి చూపించాడు. మా అమ్మ సీటు అది. అమ్మకు బస్సులో వాంతులు అవుతాయి. విశాఖ నుంచి కిటికీ పక్కన తప్ప కూర్చోలేదు. ఇప్పుడు ఇవతలికి జరిగి కూర్చుంది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది.

నేను ఎక్కి ఆమె ముందు నిలబడ్డాను. ఆమే అడిగింది.

"ఏటంతన్నాడ్రా ఆ బాబు? నీళ్ళు సూసి మీ అయ్య నవ్వేడంతన్నాడా?"

బస్సు అద్దాలు మూసి ఉన్నాయి. మేము మాట్లాడింది హిందీ.

మేము వెళ్ళేసరికి తాజ్‌మహల్ గేటు మూసేశారు. ఆ సాయంత్రమే రైలు ఉంది. సుబ్బరాజు గారి భార్య గోడ పైనుంచి కనిపించిన తెల్లటి గుమ్మటం కొస చూసి దండం పెట్టుకుంది. అది గుడి కాదండీ అని ఎవరో అంటే, తెలుసులెండి అంది. ఆవిడ తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఆ తర్వాత మా గుంపులో నాతో మాట్లాడినవాడు అప్పారావు ఒక్కడే.

కాశీలో పొద్దున్నే గంగ మీద పడవ ఎక్కించారు. పడవవాడు ఒక్కొక్కరికీ చెయ్యి అందించి ఎక్కిస్తున్నాడు. అమ్మకు చెయ్యి ఇచ్చాడు. తర్వాత నేను చెయ్యి చాపాను. వాడు నన్ను ఆగమని, నా పక్కనున్న ఖాళీలోకి చెయ్యి చాపి, ఎవరి మోచేతినో పట్టుకున్నట్టు పట్టుకుని, మెల్లగా, చూసుకుని అంటూ ఎక్కించాడు. అప్పుడే నాకు చెయ్యి ఇచ్చాడు. పడవ ఒక పక్కకు కొంచెం ఒరిగిందా అంటే, ఒరిగినట్టే అనిపించింది. దాని మీద ఒట్టు వేయలేను.

ఇంకో ఘాట్ దగ్గర తెలుగు పంతులు గారు సిద్ధంగా ఉన్నారు. నేను ఇక ఆగలేకపోయాను. ఇన్నాళ్ళ విసుగూ ఒక్కసారి బయటికి వచ్చింది.

"చాలమ్మా! నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు. అందరికీ తండ్రి ఉంటాడు, లేదా పోతాడు. నాకు రెండూ లేకుండా చేశావు. ఈ రోజు పిండం పెడతాను. నువ్వు వెళ్ళిపోతే వెళ్ళిపో!" అని మెట్ల మీద అందరూ చూస్తుండగా అరిచాను.

అమ్మ కోప్పడలేదు.

"ఒరే, నీకు అంత కట్టంగా ఉందేట్రా?" అని మాత్రం అంది.

పంతులు గారు ఇబ్బందిగా నవ్వి, ముందు స్నానాలు కానివ్వండి, గొడవలు తర్వాత అన్నారు. కాశీకి వచ్చినవాళ్ళు ఇష్టమైనది ఒకటి వదిలేసి వెళ్ళాలి కదా. అందరూ ఒక కాయో పండో చెప్పి మునుగుతున్నారు. సుబ్బరాజు గారు వంకాయ వదిలేశాడు. పంతులు గారు అమ్మను, నీకు బాగా ఇష్టమైనది ఏదమ్మా, అది వదిలెయ్ అన్నారు.

అమ్మ నడుం లోతు నీళ్ళలో దిగింది. పెదాలు కదిపింది. ఏమందో వినపడలేదు. మునిగింది. లేచి, తడి చేతులతో గాజులు ఒక్కొక్కటే జార్చి మెట్టు మీద పెట్టింది. బొట్టు నీళ్ళతోనే పోయింది.

"ఒగ్గీసినాను. ఇప్పుడెట్టు నీ పిండం," అంది.

ఇది కావాలనే ఇంత దూరం లాక్కొచ్చాను. ఏళ్ళ తరబడి అడిగింది ఇదే. పంతులు గారు పిండి ముద్ద చేతిలో పెడితే నా చెయ్యి కదలలేదు. ఎందుకు వదిలేశావే, ఎవరు వదలమన్నారు, నేను ఊరికే అరిచాను కదా అని ఆమె భుజాలు పట్టి ఊపాలనిపించింది. పంతులు గారు రెండుసార్లు కసిరాక పెట్టాను. అప్పుడు ఏడుపు వచ్చింది. అమ్మ నా వీపు నిమురుతూ కూర్చుంది.

తిరుగు పడవలో అదే పడవవాడు. అమ్మకు చెయ్యి ఇచ్చాడు, నాకు చెయ్యి ఇచ్చాడు. మధ్యలో ఆగలేదు. తిరుగు రైల్లో అప్పారావు అమ్మకు ఒకే ప్లేటు ఇచ్చాడు. "ఏం, పెద్దాయన తినడా?" అని నేనే అడిగాను. అతను తెల్లమొహం వేసి, "ఏ పెద్దాయన బాబూ?" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఇచ్చిన రెండో ప్లేటు సంగతి గుర్తుచేస్తే, అలా ఎప్పుడిచ్చానని నన్నే అడిగాడు.

ఇంటికొచ్చిన రోజు అమ్మ అన్నం కుండ ఊడ్చి, చింతపండు వేసి తోమి, బోర్లించింది. ఆ చప్పుడు వింటూ ముందు గదిలో కూర్చున్నాను.

నాకు చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి. బొట్టు పెట్టుకున్న పెద్దావిడను చూసి భర్త కూడా ఉన్నాడని అందరూ అనుకుని ఉంటారని ఒకరు. గైడు ఇంకో గుంపులోని ముసలాయన్ని చూసి ఉంటాడని ఒకరు. అయ్య సంగతి తెలుసు కాబట్టి అమ్మ ఊహించి ఉంటుందని మా ఆవిడ. సరే, ఒప్పుకుంటాను. అయితే ఆ పడవవాడు గాలిలో చెయ్యి ఎందుకు చాపాడు? గాజులు తీయగానే అన్నీ ఎందుకు ఆగిపోయాయి? మోటారులో ఫాల్ట్ దొరక్కపోతే నాకు అన్నం సయించదు. ఈ ఫాల్ట్ ఇప్పటికీ దొరకలేదు.

అమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. నీళ్ళలో ఏమన్నావమ్మా అని ఎన్నోసార్లు అడిగాను. "ఒగ్గీసింది మళ్ళీ నోటితో అనకూడదు," అనేది.

ఆమె పోయాక, రెండు వేల సంవత్సరం దాటాక, మా ఆవిడనూ, అప్పుడు పుట్టిన పాపనూ తీసుకుని మళ్ళీ ఆ యాత్రకే వెళ్ళాను. తాజ్‌మహల్ చూడలేదని పాప ఒకటే పోరు. ఆగ్రా కోటలో వేరే గైడు. అందరినీ లెక్క చూసుకుని, సరిపోయింది, పదండి అన్నాడు. బస్సు స్టార్ట్ చేశారు.

నేను ఎక్కలేదు. ఆ గేటు ముందే నిలబడ్డాను. బస్సు హారన్ కొట్టింది. వెనక నుంచి తిట్లు వినిపించాయి. మా ఆవిడ దిగి వచ్చి నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఏటయ్యింది మీకు? ఎవులి కోసం సూత్తన్నారు? అక్కడ తాజ్‌మహల్ గేటు మూసీత్తారంట!"

"కొంచెం ఆగు. వస్తాడేమో చూద్దాం," అన్నాను.

ఎవరూ రాలేదు. బస్సు వెళ్ళిపోయాక మా ఆవిడా పాపా ఆటోలో వెళ్ళి తాజ్‌మహల్ చూసొచ్చారు. నేను ఇప్పటికీ చూడలేదు.